ఒక్క బిళ్ల తేడా

పరీక్షలో నూటికి తొంభై ఎనిమిది మార్కులు తెచ్చుకున్న బిడ్డను చూచి, "మిగిలిన రెండూ ఎక్కడ పోయినవి?" అని అడగని తెలుగు తండ్రి అరుదు. ఆ అరుదైన వారి జాబితాలో నా పేరు లేదు. ప్రయోగశాలలో ఒకే పదార్థాన్ని మూడుసార్లు తూచి సగటు తీస్తే గాని నమ్మని నేను, ఇంటికి వచ్చిన తరువాత మాత్రం ఒక్క పరీక్షలోని ఒక్క మార్కును పట్టుకొని బిడ్డ భవిష్యత్తును తూచేవాడిని. ఈ వైరుధ్యం నాకు తెలిసివచ్చినది ఒక ఆట వలన, ఆ ఆటలో ఒక్క బిళ్ల తేడాతో పతకం పోగొట్టుకొని తొమ్మిది సంవత్సరాల తరువాత తిరిగి సాధించుకున్న ఒక క్రీడాకారిణి జీవితం వలన.

మేము నివసించే అమెరికా మధ్య పశ్చిమ ప్రాంతంలో అనేక హైస్కూళ్లకు ట్రాప్ షూటింగ్ జట్లు ఉన్నవి. రెండు సంవత్సరాల క్రితం మా అమ్మాయి ఆ జట్టులో చేరతానని అడిగినది. తుపాకి అనే మాట వినగానే మా శ్రీమతి ముఖం వాడిపోయినది. నేను ఔననలేదు, కాదనలేదు. నెల రోజులు గడువు కోరి, ఆ ఆటను గురించి దొరికినంత చదివాను. ఆ చదువులో నన్ను నిలిపివేసిన పేరు అలెస్సాండ్రా పెరిల్లి. ఆమె కథ చెప్పేముందు ఆట స్వరూపం, అందులో ఇమిడి ఉన్న శాస్త్రం కొంత తెలుసుకోవడం అవసరం.

ఆట స్వరూపం

ఒలింపిక్ ట్రాప్‌లో క్రీడాకారులు ఒక వరుసలో ఉన్న అయిదు స్థానాలలో నిలబడతారు. వారికి 15 మీటర్ల ముందు నేలలో ఒక కందకం ఉంటుంది. అందులో స్థానానికి మూడు చొప్పున 15 యంత్రాలు దాగి ఉంటాయి. క్రీడాకారుడు గొంతెత్తి పిలువగానే, మైక్రోఫోను ఆ శబ్దాన్ని అందుకొని, ఎదుటి మూడు యంత్రాలలో ఒకదాని నుండి బిళ్లను ఎగురవేస్తుంది. ఏ యంత్రం నుండి వస్తుందో ముందుగా తెలియదు. 25 బిళ్లలతో ఒక ఆవృతం పూర్తి అవుతుంది. అందులో పది ఎడమకు, పది కుడికి, అయిదు సూటిగా పోతాయి. కనుక అదృష్టం ఒకరికి సులభమైన బిళ్లలను, మరొకరికి కష్టమైన వాటిని పంచిపెట్టే అవకాశం లేదు.

పూర్వం ఈ ఆటలో ప్రాణమున్న పావురాలనే ఎగురవేసి కొట్టేవారు. 1880 ప్రాంతంలో అమెరికాలోని సిన్సినాటి నగరవాసి జార్జి లిగౌస్కీ మట్టితో కాల్చిన బిళ్లను కనిపెట్టి ఆ పక్షుల ప్రాణం నిలిపాడు. నేటికీ దీనిని మట్టి పావురమనే పిలుస్తున్నా, ఇందులో మట్టి లేదు. సున్నపురాయి పొడిని తారు వంటి జిగట పదార్థంతో వేడిగా కలిపి అచ్చుపోస్తారు. చల్లారిన తారు గాజువలె పెళుసైనది. అందుచేత యంత్రపు విసురుకు తట్టుకుంటూ, రెండు మూడు సీసపు గుళ్లు తాకగానే ఆ బిళ్ల ముక్కలవుతుంది. బిళ్ల వ్యాసం 11 సెంటీమీటర్లు, బరువు 105 గ్రాములు. మన చేతిలో ఇమిడే చిన్న సాసరు అనుకోవచ్చు.

తూటాలోని రసాయనం

ఈ ఆటకు వాడే తూటాలో సీసపు గుళ్ల బరువు 24 గ్రాములకు మించరాదు. ఒక్కొక్క గుండు వ్యాసం 2.4 మిల్లీమీటర్లు అనుకొని లెక్కించితే దాని బరువు 80 మిల్లీగ్రాములు వస్తుంది. అనగా ఒక్క తూటాలో సుమారు 300 గుళ్లు. సీసం మెత్తనిది కనుక, గొట్టంలో నలిగి ఆకారం చెడకుండా కొంత ఆంటిమనీ కలిపి గట్టిపరుస్తారు.

ఈ గుళ్లను తరిమే మందు నైట్రోసెల్యులోజ్. దూదిలోని సెల్యులోజ్‌ను నత్రికామ్లంతో మార్చితే వచ్చే పదార్థమిది. మండడానికి కావలసిన ఆక్సిజన్ దాని అణువులోనే ఉంటుంది కనుక బయటి గాలితో నిమిత్తం లేదు. 1884లో ఫ్రాన్స్ దేశపు రసాయనికుడు పాల్ వియెల్ దీనిని క్రమబద్ధంగా మండే పొగలేని మందుగా మలిచాడు. తూటాలో ఈ మందు ఒకటిన్నర గ్రాముల లోపే ఉంటుంది. గ్రాముకు సుమారు 4 కిలోజౌళ్ల చొప్పున 5 కిలోజౌళ్ల శక్తి విడుదల అవుతుందనుకుందాము. 24 గ్రాముల గుళ్లు సెకనుకు 400 మీటర్ల వేగంతో గొట్టం దాటుతాయి. వాటి గతిజశక్తి సుమారు 1.9 కిలోజౌళ్లు. అనగా మందులోని శక్తిలో మూడో వంతుకు కొంచెం ఎక్కువ మాత్రమే గుళ్లకు చేరుతుంది. మిగిలినది వేడిగా, వాయువుగా, శబ్దంగా పోతుంది. ఆ 1.9 కిలోజౌళ్లైనా తక్కువవి కావు. ఇరవై కిలోల బియ్యపు బస్తాను పది మీటర్ల ఎత్తుకు లేపే పని అది. ఇది ఆటవస్తువు కాదని చెప్పడానికే ఈ లెక్క వేశాను.

కంటికీ బిళ్లకూ మధ్య

బిళ్ల యంత్రం నుండి గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగంతో బయలుదేరుతుంది. అడ్డు లేకపోతే 76 మీటర్ల దూరం పోయి పడుతుంది. నిపుణులు మొదటి గుండును సెకనులో మూడింట రెండు వంతుల కాలంలోపే పేల్చుతారు. అందులో మొదటి అయిదో వంతు సెకను మెదడు కంటి వార్తను అందుకొని కండరానికి చేర్చడానికే సరిపోతుంది. మిగిలినది అరసెకను లోపు.

తుపాకి పేలే సమయానికి బిళ్ల సుమారు 35 మీటర్ల దూరంలో ఉంటుంది. గుళ్లు గాలి తాకిడికి వేగం కోల్పోతూ అక్కడికి చేరడానికి సెకనులో తొమ్మిదో వంతు పడుతుంది. 45 డిగ్రీల వాలున పోతున్న బిళ్ల ఆ వ్యవధిలో ప్రక్కకు ఒకటిన్నర మీటర్లకు పైగా జరుగుతుంది. కనుక బిళ్ల ఉన్న చోటికి గురిపెడితే గుళ్లు ఖాళీ ఆకాశాన్ని తాకుతాయి. బిళ్ల ఉండబోయే చోటికి గురిపెట్టాలి. బిగువైన మూతి గల గొట్టం నుండి వెలువడిన గుళ్లలో సుమారు 70 శాతం ఆ దూరాన 75 సెంటీమీటర్ల వలయంలో పడతాయి. అనగా గురికి ఇరువైపులా ఉన్న వెసులుబాటు 40 సెంటీమీటర్ల లోపు. తుపాకిని కదల్చకుండా పేల్చినట్లయితే, కాలంలో అది సెకనులో నలభయ్యో వంతు మాత్రమే. క్రీడాకారులు తుపాకిని బిళ్లతో పాటు త్రిప్పుతూ పేల్చడానికి కారణమిదే. త్రిప్పుడు నడుమ ఆగిందా, బిళ్ల తప్పినట్లే.

లండన్, 2012

సాన్ మరీనో ఇటలీ దేశం మధ్యలో, నాలుగు వైపులా ఇటలీయే చుట్టి ఉన్న చిన్న గణతంత్రం. వైశాల్యం 61 చదరపు కిలోమీటర్లు. జనాభా సుమారు 34 వేలు. మన జిల్లాలలోని ఒక చిన్న పట్టణమంత దేశమన్నమాట. 1960లో రోమ్ నగరంలో జరిగిన ఒలింపిక్స్‌లో తొలిసారి పాల్గొన్నది. నాటి నుండి అర్ధశతాబ్దం గడిచినా ఒక్క పతకమూ రాలేదు.

1988లో ఇటలీ తీరపట్టణమైన రిమినిలో జన్మించిన అలెస్సాండ్రా పెరిల్లి ఈ దేశం తరఫున ట్రాప్ క్రీడలో దిగినది. ఆమె సోదరి ఆరియానా కూడా ఇదే క్రీడలో అంతర్జాతీయ పోటీలకు వెళ్లినది. మహిళలకు ఒలింపిక్స్‌లో ట్రాప్ పోటీ 2000వ సంవత్సరంలో, సిడ్నీలో మొదలైనది.

2012 ఆగస్టు 4న లండన్‌లో మహిళల ట్రాప్ పోటీ జరిగినది. ఆనాటి నియమం ప్రకారం అర్హత దశలో 75 బిళ్లలు, అంతిమ దశలో 25 బిళ్లలు. రెండూ కలిపి నూరు. ఇటలీ క్రీడాకారిణి జెస్సికా రోస్సీ నూటికి 99 సాధించి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలుచుకున్నది. ఆమె తరువాత ముగ్గురు సమానంగా 93 వద్ద నిలిచారు: స్లొవేకియాకు చెందిన జుజానా స్టెఫెచెకోవా, ఫ్రాన్స్‌కు చెందిన డెల్ఫిన్ రెయో, సాన్ మరీనోకు చెందిన పెరిల్లి. మిగిలిన పతకాలు రెండు, నిలబడినవారు ముగ్గురు. బిళ్ల తప్పినవారు తొలగిపోయే పద్ధతిలో తేల్చవలసి వచ్చినది. రజతం స్టెఫెచెకోవాకు, కాంస్యం రెయోకు దక్కినవి. పెరిల్లి నాలుగవ స్థానంతో ఇంటిముఖం పట్టినది. అది అప్పటికి ఆ దేశానికి ఒలింపిక్స్‌లో దక్కిన అత్యుత్తమ స్థానమే. కాని పతకాల పట్టికలో నాలుగవ స్థానానికి గడి లేదు కదా!

నూటికి తొంభై ఎనిమిది అంటే ఏమిటి?

ఇప్పుడు అసలు పాఠానికి వద్దాము. ఒక క్రీడాకారిణి సగటున నూటికి 98 బిళ్లలు పగలగొట్టగలదు అనుకుందాము. అనగా ఒక్కొక్క బిళ్లను కొట్టే సంభావ్యత 0.98. వరుసగా 25 బిళ్లలూ కొట్టే సంభావ్యత ఎంత? 0.98ని 25 సార్లు హెచ్చవేయాలి. సమాధానం సుమారు 0.60. అంతటి నిపుణురాలు కూడ పది ఆవృతాలలో నాలుగింటిలో కనీసం ఒక బిళ్ల తప్పుతుంది! ప్రస్తుత అర్హత దశలోని 125 బిళ్లలూ కొట్టే సంభావ్యత 0.08 మాత్రమే.

నైపుణ్యం 98 నుండి 99కి పెరిగితే 25 కొట్టే సంభావ్యత 0.78 అవుతుంది; 125 కొట్టే సంభావ్యత 0.28 అవుతుంది. 97కి తగ్గితే ఆ 125 సంగతి 0.02 వద్దకు పడిపోతుంది. ఈ అంకెలలో రెండు సత్యాలు ఉన్నవి. మొదటిది: ఒక్క శాతం అభివృద్ధి చిన్నది కాదు, దీర్ఘ ప్రయాణంలో అది మూడింతల ఫలమిస్తుంది. రెండవది: ఒక్క బిళ్ల తప్పడం ఎవరి నైపుణ్యానికీ కొలబద్ద కాదు. 98 శాతం గలవారు తప్పే ఆ రెండు బిళ్లలు ఎక్కడికీ పోలేదు. అవి 98లో అంతర్భాగం. అవి ఏ క్షణాన వస్తాయో మాత్రం ఎవరి చేతిలోనూ లేదు.

సమాన నైపుణ్యం గల ముగ్గురు రెండు పతకాలకు పోటీపడితే, ఒక్కొక్కరు రిక్తహస్తాలతో వెళ్లే సంభావ్యత మూడింట ఒకటి. లండన్‌లో ఆ మూడింట ఒక వంతు పెరిల్లి వైపు తిరిగినది. అంతకుముందు కొట్టిన 93 బిళ్లలూ అబద్ధం కాలేదు.

ఈ లెక్కకు ఒక పరిమితి ఉన్నది. ఒక బిళ్ల ఫలితం మరొక దానిని తాకదని మనము భావించాము. మనిషి మనస్సు అంత నిర్లిప్తంగా ఉండదు. తప్పిన బిళ్లను తలచుకుంటూ ఎత్తిన తుపాకి తరువాతి బిళ్లను కూడ తప్పవచ్చు. గడచిన బిళ్లను మరచి తరువాతిదానిని పిలవడమే ఈ క్రీడలో అతికష్టమైన సాధన. మన లెక్క నిజమయ్యేటట్లు మనస్సును సిద్ధపరచడమే ఆ సాధన అనవచ్చు.

టోక్యో, 2021

ఒక సంవత్సరం వాయిదాపడి 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌కు పెరిల్లి 33 సంవత్సరాల వయస్సులో వచ్చినది. ఇప్పటికి నియమాలు మారినవి. మహిళలకు కూడ పురుషులతో సమానంగా 125 బిళ్లలు. అర్హత దశలోని అంకెలు అంతిమ దశకు రావు. అక్కడ ఆరుగురూ సున్న నుండి మొదలుపెడతారు. అర్హత దశలో ఒక్కొక్క బిళ్లకు రెండు గుళ్లు పేల్చవచ్చును. అంతిమ దశలో ఒక్కటే.

ఈ ఒక్క మార్పు ఎంతటిదో చూడండి. లండన్‌లో రజతం పొందిన స్టెఫెచెకోవా టోక్యో అర్హత దశలో 125కు 125 కొట్టి ప్రపంచ రికార్డు నెలకొల్పినది. అదే చేయి, అదే తుపాకి. అంతిమ దశలో 50కి 43. మొదటి గుండుతో 85 శాతం కొట్టగలవారు, రెండవ గుండుతోనూ అంతే కొట్టగలిగితే, రెండూ తప్పే సంభావ్యత 0.15ను 0.15తో హెచ్చవేయగా 0.02కు కొంచెం పైన. మన జీవితాలలో రెండవ అవకాశం విలువ ఎంతటిదో ఇంతకన్న సూటిగా చెప్పే గణితం నాకు తెలియదు.

జూలై 29న అంతిమ దశ జరిగినది. స్టెఫెచెకోవా 43తో స్వర్ణం, అమెరికాకు చెందిన కేల్ బ్రౌనింగ్ 42తో రజతం గెలుచుకున్నారు. పెరిల్లి 40 బిళ్లలలో 29 కొట్టి మూడవ స్థానంలో నిలిచినది. సాన్ మరీనో ఒలింపిక్స్‌లో అడుగుపెట్టిన 61 సంవత్సరాలకు లభించిన తొలి పతకమది. ఒలింపిక్ పతకం పొందిన దేశాలలో జనాభా రీత్యా అతిచిన్నది అనే ఖ్యాతి కూడ అదే రోజున ఆ దేశానికి దక్కినది.

కథ అక్కడితో ముగియలేదు. రెండు రోజుల తరువాత జియాన్ మార్కో బెర్టీతో కలిసి ఆమె మిశ్రమ జట్టు పోటీలో పాల్గొన్నది. అంతిమ దశలో స్పెయిన్ జంట ఫాతిమా గాల్వెజ్, అల్బెర్టో ఫెర్నాండెజ్ 41 బిళ్లలు కొట్టగా వీరు 40 కొట్టారు. మరల ఒక్క బిళ్ల! స్వర్ణం స్పెయిన్‌కు, రజతం సాన్ మరీనోకు. తొమ్మిది సంవత్సరాల క్రితం ఒక్క బిళ్ల పతకాన్నే తప్పించినది. ఇప్పుడు ఒక్క బిళ్ల పతకపు రంగును మార్చినది. తేడా ఒకటే అయినా ఆమె నిలబడిన మెట్టు వేరు. సంభావ్యత మన వశంలో లేదు. మెట్టు మీదికి మరల మరల వచ్చి నిలబడడం మన వశంలో ఉన్నది.

మన దేశంలో

ఈ అనుభవం భారతీయులకు కొత్తది కాదు. బికనీరు మహారాజు డాక్టర్ కర్ణీసింగ్ ట్రాప్ క్రీడలో 1960 నుండి 1980 వరకు అయిదు ఒలింపిక్స్‌లో పాల్గొన్నారు. 1961లో అర్జున పురస్కారం అందుకున్నారు. 1962లో కైరోలో జరిగిన ప్రపంచ పోటీలలో ప్రథమ స్థానానికి సమానంగా నిలిచి, అదనపు బిళ్లల పోటీలో ఓడి రజతంతో తృప్తిపడ్డారు. ఢిల్లీలోని షూటింగ్ క్రీడాస్థలానికి నేడు ఆయన పేరే ఉన్నది.

మన హైదరాబాదుకు చెందిన కైనన్ చెనాయ్ 2016లో రియో ఒలింపిక్స్‌లో పాల్గొన్నాడు, పతకం రాలేదు. 2023 అక్టోబరు 1న చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో అతడు పృథ్వీరాజ్ తొండైమాన్, జోరావర్ సింగ్ సంధూలతో కలిసి జట్టు స్వర్ణం గెలిచాడు. ముగ్గురి మొత్తం 361. అందులో కైనన్ కొట్టినవి 122. అదే రోజున వ్యక్తిగత పోటీలో కాంస్యం కూడ సాధించాడు. రియోకు, హాంగ్‌ఝౌకు మధ్య ఏడు సంవత్సరాలు.

తల్లిదండ్రులకు ఒక మాట

తుపాకి విషయంలో మన కుటుంబాలకు ఉన్న భయం అర్థరహితమైనది కాదు. ఆ భయం ఉండవలసినదే. ఈ క్రీడలో నియమాలన్నీ దాని పునాది మీదనే నిర్మించబడినవి. తన వంతు వచ్చి స్థానంలో నిలబడేవరకు తుపాకి తెరిచి, తూటా లేకుండా ఉండాలి. పేలుడు శబ్దం 150 డెసిబెళ్లకు మించుతుంది కనుక చెవులకు రక్షణ, గుళ్లు, పెంకులు ఎగురుతాయి కనుక కళ్లకు రక్షణ తప్పనిసరి. రసాయనికునిగా మరొకటి చేర్చుతాను: సీసం విషపదార్థం, ముఖ్యంగా పిల్లలకు. ఆట ముగిసిన తరువాత చేతులు, ముఖం సబ్బుతో కడుగకుండా ఏమీ తినరాదు. ఆ దుస్తులను ఇంట్లోని ఇతర దుస్తులతో కలిపి ఉతుకరాదు. మా అమ్మాయికి అనుమతి ఇచ్చినప్పుడు మేము పెట్టిన షరతు మరొకటి ఉన్నది: తుపాకి మా ఇంటికి రాకూడదు, క్లబ్బులోనే తాళం వేసి ఉండాలి.

పాఠశాలల జట్లు ఆడేది అమెరికన్ ట్రాప్. ఒలింపిక్ క్రీడకు ఇది చెల్లెలు వంటిది: ఒక్కటే యంత్రం, బిళ్ల వేగం తక్కువ, వాలు తక్కువ, బిళ్లకు ఒక్కటే గుండు. మొదటి పోటీలో మా అమ్మాయి 25కు 17 కొట్టినది. కారులో ఇంటికి వస్తుండగా "మిగిలిన ఎనిమిదీ..." అన్న మాట నా నాలుక చివరకు వచ్చి ఆగినది. ప్రయోగశాలలో ఒక కొలత తేడాగా వస్తే మేము దానిని నిందించము. తేడా ఏ దిక్కున ఉన్నదో చూస్తాము. అందుచేత ప్రశ్న మార్చి, "తప్పినవి ఏ వైపు పోయినవమ్మా?" అని అడిగాను.

ఆమె కొంచెం ఆశ్చర్యంగా నా వైపు చూచి, వ్రేళ్లపై లెక్కపెట్టి, "ఎనిమిదిలో ఆరు కుడివైపు పోయినవే నాన్నా. తుపాకి మధ్యలో ఆపేస్తున్నానేమో" అన్నది.

మరుసటి వారమంతా కుడివైపు బిళ్లలనే సాధన చేసినది. ఆ తరువాతి పోటీలో 19 వచ్చినవి. ఈసారి కూడ నేను మిగిలిన ఆరింటి సంగతి అడగలేదు, తానే చెప్పినది.